తాబేలుకు రాని తెలుగు

కంప్యూటర్ సెంటర్ పెట్టిన కొత్తలో రాందాస్ బోర్డు రాసే పెయింటర్‌కు ఒక్క మాట చెప్పి, ప్రింటర్ తేవడానికి కొత్తగూడెం బస్సెక్కాడు. "ఇక్కడ అన్ని లాంగ్వేజీలు నేర్పుతం అని రాయి" అన్నదే ఆ మాట. సాయంత్రం తిరిగొచ్చేసరికి పసుపు మీద ఎర్రటి అక్షరాలతో "ఇచ్చట అన్ని భాషలు నేర్పబడును" అని బోర్డు తళతళలాడుతోంది. పెయింటర్‌ను అని లాభం లేదు. తెలుగులో ఉంటే నిండుగా ఉంటుందని లాంగ్వేజీని తెలుగు చేశాడు, అంతే.

ఆ బోర్డు చూసి మొదట వచ్చినవాడు అటవీ శాఖ బీట్ ఆఫీసరు. కొత్తగా బదిలీ మీద దిగినవాడు. "కోయ భాష ఎన్ని నెలలల్ల వస్తది సార్?" అని అడిగాడు. తర్వాత వచ్చినవారు చెంచురామయ్య గారు. కోస్తా నుంచి వచ్చి అశ్వారావుపేట దారిలో పామాయిల్ తోటలు వేసిన పెద్దమనిషి. మనవరాలు సుజనను ముందుకు తోసి, "పిల్ల హిందీలో వీకండీ, మీరు కాస్త గట్టిగా పట్టించాలి" అన్నారు. తాను నేర్పేవి మనుషుల భాషలు కావనీ, కంప్యూటర్‌తో మాట్లాడే భాషలనీ రాందాస్ ఇద్దరికీ ఓపిగ్గా చెప్పాడు. బీట్ ఆఫీసరు నిరాశగా వెళ్లిపోయాడు. చెంచురామయ్య గారు మాత్రం "ఏదో ఒక భాషలెండి, సెలవుల్లో టీవీ ముందు కూర్చోకుండా ఉంటే చాలు" అని పిల్లను అక్కడే వదిలిపెట్టారు.

ఇది రెండువేల ఏడు నాటి సంగతి. ఊరి పేరు మాత్రం అడగకండి. ములకలపల్లి దాటి అడవి వైపు పోయే బస్సెక్కితే అదే వస్తుంది. పేరు చెబితే ఈ కథలో ఉన్న హెడ్మాస్టరు గారు నొచ్చుకుంటారు.

రాందాస్‌ది ఆ ఊరి పక్కనే ఉన్న లంబాడీ తండా. తండాలో హైదరాబాదు పోయి కంప్యూటర్ నేర్చుకొచ్చిన మొదటివాడు తనే. అమీర్‌పేటలో ఊపిరాడని కిరాయి గదిలో ఉండి సి లాంగ్వేజ్ చదివాడు. చదివాడంటే, పాయింటర్లనే పాఠం దాకా చదివాడు. అక్కడ జ్వరం తగిలి ఆగిపోయిందని చెప్పుకుంటాడు. జ్వరం రావడం నిజమే. అది పాయింటర్లకు ముందు వచ్చిందా, పాయింటర్లను చూశాక వచ్చిందా అన్నది ఆయన భార్య పుష్పకు ఒక్కదానికే తెలుసు. తర్వాత కొన్నాళ్లు ఎవరివో బిల్లులు టైపు చేస్తూ అక్కడే ఉండి, ఇక ఉండలేక ఇంటికొచ్చి సెంటర్ పెట్టాడు.

మే నెల ఎండలో కూడా చొక్కా టక్ చేసుకుని, మెడలో ఒక పెన్‌డ్రైవ్ వేలాడేసుకుని కూర్చునేవాడు. పెన్‌డ్రైవ్‌లో పెద్దగా ఏమీ ఉండేది కాదు. అది అలంకారం. సెంటర్లో ఒక రూలు పెట్టాడు. తండా మాటను చెప్పులతో పాటు గడప బయటే వదలాలి. బయట "కాకా" అని పిలిచే తండా పిల్లలు లోపలికొస్తే "సార్" అనాలి. నోరు జారి లంబాడీలో ఒక్క మాట అన్నా వేళ్ల మీద స్కేలు పడేది. తాను చదువుకున్న పద్ధతి అదే, తనకు తెలిసిన చదువు అదే. అందులో తప్పుందని అతనికి తోచనే లేదు.

ఊరి హైస్కూలుకు గది నిండా కంప్యూటర్లు వచ్చి చాలా కాలమైంది. నేర్పే మనిషి లేక గదికి తాళం పడింది. ఆ పోస్టు తనకివ్వమని రాందాస్ హెడ్మాస్టరు ఆదినారాయణ గారి చుట్టూ తిరిగాడు. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, తెలుగు పండితుడిగా చేరి పైకొచ్చినవాడు. చివరికి ఒకరోజు తేల్చి చెప్పారు.

"నీ సర్టిఫికెట్లు నాకు అర్థం కావయ్యా. బడి తెరిచేలోగా, కంప్యూటర్ ముట్టని పిల్లల చేత ఒక ఆట తయారు చేయించి చూపించు. నువ్వు చేసింది కాదు, వాళ్లు చేసింది. అప్పుడు నీ పేరు రాసి పైకి పంపిస్తాను."

ఆ పోస్టు రాకపోతే ఉత్త జిరాక్సుల మీద సెంటర్ నడవదు. మళ్లీ అమీర్‌పేట గదే గతి. పుష్ప అంగన్‌వాడీ టీచరు, ఆ పని వదిలి రావడం కుదరదు. కూతురు గోరి అప్పుడప్పుడే మాటలు నేరుస్తోంది. వెనక హైదరాబాదులో ఉన్నప్పుడు ఆ పిల్ల ఫోన్లో ఊపిరి తీయడం తప్ప ఏమీ వినిపించేది కాదు. కూతురిని మళ్లీ ఫోన్లో పెంచాల్సి వస్తుందేమోనన్నదే రాందాస్ భయం. పైకి మాత్రం "సార్, ఆటేంది, పిల్లలతోటి సాఫ్ట్‌వేరే చేయిస్త" అని వచ్చాడు.

ఇప్పుడు ఏ భాషతో మొదలుపెట్టాలి? వాటర్ ట్యాంకు దగ్గరకు పోతేనే సెల్‌ఫోన్‌కు సిగ్నల్ దొరికేది. అక్కడ నిలబడి హైదరాబాదు దోస్తును అడిగాడు. దోస్తు బేసిక్ అన్నాడు, విజువల్ బేసిక్ అన్నాడు, జావా అన్నాడు. చివరికి, "చిన్నపిల్లలకైతే లోగో పెట్టురా. తెర మీద తాబేలు ఉంటది, చెప్పినట్లు నడుస్తది. సీడీ బస్సుకిచ్చి పంపుత" అన్నాడు. రాందాస్‌కు ఒళ్లు మండింది. అమీర్‌పేటలో చదివొచ్చి తాబేలును నడిపించడమా? "సి అన్నింటికి తల్లిరా" అని ఫోన్ పెట్టేశాడు. సీడీ అయితే వచ్చింది. తీసి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

వేసవి బ్యాచ్‌లో తండా పిల్లలు కొందరు, ఊళ్లో పిల్లలు కొందరు చేరారు. అందరిలోకి చురుకైనది తండాలో బిచ్యా కూతురు మంగ్లి. ఏడో తరగతి పరీక్షలు రాసి వచ్చింది. ఊరికే ఉండే రకం కాదు, ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది.

"సార్, గీ చుక్క, కామా ఒకదాని కింద ఒకటి ఎందుకు పెట్టాలె?"

"దాన్ని సెమికోలన్ అంటరు. అది పెట్టకపోతే కంప్యూటర్‌కు అర్థం కాదు."

"ఉత్త చుక్క పెడితె?"

"అప్పుడు గూడ అర్థం కాదు."

"మరి దానికి ఏం అర్థమైతది సార్?"

దానికి జవాబు స్కేలే చెప్పింది. నీలం తెర మీద పిల్లలు ఒక్క సెమికోలన్ మరిచిపోతే చాలు, తప్పుల చిట్టా గడగడా దిగేది. సుజన ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రోగ్రాం మొత్తం మొదటి నుంచి చివరి దాకా బట్టీ కొట్టి అప్పజెప్పేది. అందులో ఏముందని అడిగితే నవ్వేది. రెండు వారాలు గడిచేసరికి బ్యాచ్ మొత్తం కలిసి తెర మీద "హలో" అనిపించగలిగారు. "ఆట ఎప్పుడు సార్?" అని ఎవరైనా అడిగితే రాందాస్ "ముందు పునాది" అనేవాడు. ఆ పునాది ఎంతకీ నేల మీదికి వచ్చేటట్టు కనిపించలేదు.

లాభం లేదని ఆటను తానే రాయడానికి కూర్చున్నాడు. పిల్లల చేత చేయించడమంటే పిల్లల చేత మీటలు నొక్కించడమే కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పాపం, కష్టపడ్డాడు. పై నుంచి ఇప్పపూలు రాలుతుంటాయి, కింద ఒక గంప అటూ ఇటూ ఉరికి పట్టుకుంటుంది. అడవి ప్రాంతపు ఆట కదా, హెడ్మాస్టరు గారు మెచ్చుకుంటారని అతని ఆశ. గర్వంగా పిల్లలకు చూపించాడు. మంగ్లి పడీపడీ నవ్వింది.

"సార్, ఇప్పపూలు గాలిల ఎవలన్న పడతరా? అవి చీకట్ల రాలితె తెల్లారి పోయి కింద ఏరుతరు. గంప పట్టుకొని చెట్టు కింద గట్ల ఉరికితె పిచ్చి లేసిందనుకుంటరు."

ఆ నవ్వులో సగం మాటలు లంబాడీలో దొర్లాయి. సందు దొరికిందే చాలని రాందాస్ స్కేలు అందుకున్నాడు. తండాలో పుట్టి, తల్లి వెంట ఇప్పపూలు ఏరి పెరిగినవాడు ఆ సంగతి మరిచిపోవడమేమిటని అతనికి లోపల ఉడుకుమోత్తనం. ఆ దెబ్బ కాస్త గట్టిగానే పడింది.

మర్నాడు మంగ్లి రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ మానేశారు. బీడీలు చుట్టే తునికాకు కోతలు మొదలయ్యాయి, పిల్లలంతా ఆకు కోయడానికి అడవికి పోతున్నారు. సుజన ఒక్కతే వచ్చి బట్టీ అప్పజెప్పి పోయేది.

"తునికాకు సీజన్ గదా, అందుకే పిల్లలు వస్తలేరు" అన్నాడు రాందాస్ ఇంట్లో అన్నం తింటూ.

పుష్ప నవ్వకుండా అంది. "అవ్, అందుకే. ఎండల ఆకుకు పోయే పిల్లలు నవ్వుకుంట పోతున్నరు. నీ ఫ్యాను కింద కూసున్నోళ్లు ఏడ్చుకుంట వచ్చేటోళ్లు. ఎందుకో మరి, నాకైతె తెల్వదు."

మర్నాడు సెంటర్లో ఎవరూ లేని సమయం చూసి రాందాస్ టీ గ్లాసు కింది సీడీ తీసి తుడిచి కంప్యూటర్లో వేశాడు. తెర మధ్యలో చిన్న త్రికోణం వచ్చింది. దాన్ని తాబేలు అన్నవాడిని మనసులో నాలుగు తిట్టాడు. ముందుకు వంద అని ఇంగ్లీషులో కొట్టాడు. గీత గీసుకుంటూ నడిచింది. కుడికి తిరగమన్నాడు, తిరిగింది. ఎవరూ చూడటం లేదు కదా అని ఒక ఇల్లు గీశాడు. ఇంటికి తలుపు పెట్టాడు, ముందు చెట్టు పెట్టాడు. పుష్ప పంపిన టీ చల్లారిపోయింది. ఎవరో జిరాక్సుకు వచ్చి "సార్, సార్" అని పిలిచి పిలిచి వెళ్లిపోయారు.

సాయంత్రం టక్ తీసేసి తండాకు నడిచాడు. బిచ్యా ఇంటి ముందు మంగ్లి తునికాకు కట్టలు కడుతోంది.

"రేపటి సంది రా. కొత్త భాష పెట్టిన. అందుల సెమికోలన్ లేదు."

మంగ్లి తల ఎత్తలేదు. "స్కేలు?"

"అది... ఇంట్ల మరిచిపోయిన" అన్నాడు రాందాస్.

మంగ్లి వచ్చింది. ఆమె వెంట మిగతావాళ్లూ వచ్చారు. కొత్త భాషలో మొదటి రోజే తెర నిండా ఇళ్లు, చుక్కలు, వంకర ఎద్దులు లేచాయి. తాబేలు ఎటు తిరగాలో తేలకపోతే పిల్లలు లేచి గదిలో తామే తాబేలులా నడిచి చూసుకునేవారు. దానికి తెలియని మాట కొడితే కింద ఒక ఇంగ్లీషు ముక్క వచ్చేది. "ఐ డోంట్ నో హౌ టు" అని, ఆ పక్కన మనం కొట్టిన మాట.

"ఏమంటుంది సార్?" అని మంగ్లి అడిగింది.

"గా పని ఎట్ల చేయాల్నో నాకు తెల్వదు అంటుంది."

"తిట్టదా?"

"తిట్టదు. మనం నేర్పితె నేర్చుకుంటది. టు అని కొట్టి, కొత్త మాట రాసి, ఆ పని ఎట్ల చేయాల్నో వరుసగా చెప్పి, ఎండ్ అనాలె. ఇగ ఆ మాట దానికి వచ్చేస్తది."

"అయితె నేర్పుత" అని మంగ్లి కుర్చీ ముందుకు లాక్కుంది.

అదే సమయంలో ఊళ్లో రేషన్ కార్డుల పని పడి రాందాస్‌కు ముందు గదిలో జిరాక్సు మిషను దగ్గరే సరిపోయింది. లోపల పిల్లలు కిచకిచలాడుతూ ఏదో చేస్తూనే ఉన్నారు. తీరిక దొరికి లోపలికి వచ్చి చూస్తే ఆట తయారై ఉంది. చెట్టు కింద పూలు. ఒక పక్క నుంచి తల్లి వచ్చి ఏరుకుంటుంది. ఇంకో పక్క అడవిలోంచి ఎలుగుబంటి వస్తుంది, దానికీ ఇప్పపూలంటే ప్రాణం కదా. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి. ఎవరు ముందు చెట్టును చేరితే వారిది గెలుపు. రాందాస్ సంతోషం పట్టలేక తానే కూర్చుని రెండుసార్లు ఆడాడు. తర్వాత పిల్లలు తాబేలుకు నేర్పిన మాటలు చదివాడు. యాడి. ఫూల్. ఆవ్. అన్నీ తండా మాటలే.

"సార్, ఫూల్ అంటే తిట్టు కాదంట, పువ్వంట! యాడి అంటే అమ్మంట!" అంది సుజన, కొత్తగా ఊరు చూసొచ్చినంత సంబరంగా.

"హెడ్మాస్టర్ సార్ ముంగట తండా మాటలా? ఇజ్జత్ పోతది. మొత్తం ఇంగ్లీషుల మార్చుండ్రి" అని రాందాస్ కేకలేశాడు.

పిల్లలు ఫూల్‌ను ఫ్లవర్ చేశారు. అప్పటిదాకా నడిచిన ఆట నిలబడిపోయి, "ఐ డోంట్ నో హౌ టు ఫూల్" అంది. ఆ మాట ఇంకా ఎన్ని మాటల లోపల దాగుందో ఎవరికీ గుర్తు లేదు. ఒకచోట మారిస్తే మరోచోట మొరాయించింది. అంతలో కరెంటు పోయింది. రేపే హెడ్మాస్టరు గారు వచ్చేది. చేసేది లేక పాత మాటలే ఉంచేశారు. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి కదా, ఎవరికి తెలుస్తుందిలే అని రాందాస్ ధైర్యం చెప్పుకున్నాడు.

ఆదినారాయణ గారు తొలకరి జల్లులో గొడుగు వేసుకుని వచ్చారు. కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, తెర దగ్గరకు వంగారు.

"ఏమ్మా, ఏం ఆట ఇది?"

"ఇప్పపూల ఆటండీ. మంగ్లి ఏమో అమ్మ. నేను అటు పక్క" అని సుజన ఏ, వి అని రెండు అక్షరాలు కొట్టింది. చెట్ల చాటు నుంచి నల్లటి గుండ్రటి జంతువు ఒక అడుగు ముందుకు వేసింది. నాలుగు కాళ్లున్నాయి. అంతకు మించి అది ఇదీ అని చెప్పడం కష్టం.

"భేష్. ఆవు అని కొట్టావు, ఆవు వచ్చింది. మరి కొమ్ములేవమ్మా?"

"అది ఎలుగుబంటండీ!"

"ఎలుగుబంటికి ఆవు అని పేరు పెట్టారా?" అని హెడ్మాస్టరు గారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

రాందాస్ గబుక్కున ముందుకొచ్చాడు. "ఆవు కాదు సార్. అది షార్ట్ ఫారమ్. ఏ వి అంటే యానిమల్ విజిబుల్. కంప్యూటర్ భాషల గట్లనే ఉంటది." అప్పటికప్పుడు ఇంత బాగా ఎలా తోచిందా అని అతనికే ముచ్చటేసింది. హెడ్మాస్టరు గారు కూడా తలాడించారు.

"కాదు సార్" అంది మంగ్లి. "ఆవ్ అంటే రా అని. మా మాట. ఎలుగును రా అని పిలుస్తున్నం."

తండా మాట బయటపడింది, దాని మీద కప్పిన అబద్ధమూ బయటపడింది. పోస్టు పోయినట్టే. రాందాస్ కళ్ల ముందు అమీర్‌పేట గది తలుపు కనిపించింది.

"రా అనేనా? అంతదానికి తెలుగులో రా అని కొడితే సరిపోయేదిగా" అంటూ ఆదినారాయణ గారు చెయ్యి చాపి, ఒక్క వేలితో వెతుక్కుంటూ ఆర్, ఏ అని తానే కొట్టారు.

"ఐ డోంట్ నో హౌ టు రా" అంది తాబేలు.

ఆయన అది చదివారు. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టారు. అదే జవాబు. "ఇదేంటి, దీనికి రా కూడా రాదా?" అన్నారు, ముప్పై ఏళ్లుగా తెలుగు చెబుతున్న మనిషి, కాస్త చిన్నబోయి. సుజన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంగ్లి మాత్రం నవ్వలేదు.

"నేర్పితె వస్తది సార్. దానికి ఎవరు నేర్పలే, అంతె" అని ఓదార్చినట్టు చెప్పి, పక్కకు జరిగి మూడు వరుసలు కొట్టింది. రా అంటే ఆవ్ అన్నట్టే అని తాబేలుకు చెప్పింది. "ఇప్పుడు కొట్టుండ్రి."

హెడ్మాస్టరు గారు మళ్లీ రా అని కొట్టారు. ఎలుగుబంటి అడుగు వేసింది. మళ్లీ కొట్టారు, మళ్లీ వేసింది. మంగ్లి వంతు వచ్చినా ఆయనే కొడుతున్నారు. చాలాసేపటికి వెనక్కి వాలి, రాందాస్ వైపు తిరిగారు.

"రాందాసూ, నువ్వు బడిలో చేరినప్పుడు నీకు తెలుగు వచ్చా?"

"రాదు సార్."

"మరి నీకెవరు నేర్పారు?"

దీనికి మర్యాదైన జవాబు చెబుదామనే రాందాస్ నోరు తెరిచాడు. కానీ ఒకటో తరగతి గుర్తొచ్చింది. పంతులు రా అన్నాడు. రావాలో, పోవాలో, కూర్చోవాలో తెలియక పిల్లవాడు నిలబడిపోయాడు. చెప్పిన మాట వినడం లేదని దెబ్బ పడింది. తర్వాత చాలా రోజులు రా అంటే దెబ్బకు ముందు వచ్చే మాట అనే అతను అనుకున్నాడు.

"ఎవరు నేర్పలే సార్" అన్నాడు. "కొట్టిండ్రు."

మంగ్లి చెయ్యి మీటల మీదినుంచి మెల్లగా జారి ఒళ్లోకి పోయింది, వేళ్లు పిడికిట్లో ముడుచుకున్నాయి. ఆ పిల్ల ఎవరినీ తప్పు పట్టడం లేదు. కొట్టడమన్న మాట వింటే చెయ్యి దాచుకోవడం అలవాటైంది, అంతే. ఆ అలవాటు చేసింది తనేనని రాందాస్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది. ఆ క్షణంలో పోస్టు గుర్తు లేదు, హైదరాబాదు గుర్తు లేదు.

"ఆరో తరగతికి ఏ భాషతో మొదలుపెడతావు?" అని ఆదినారాయణ గారు అడిగారు.

"దీంతోనే సార్. సి తర్వాత చూసుకుంటం."

"తల్లిదండ్రులు సి కావాలంటారే?"

"నేనే చెప్పుకుంట సార్."

ఆయన లేచి గొడుగు అందుకున్నారు. "నీ పేరు రాసి పంపిస్తాను. ఒకటే షరతు. కొట్టకుండా చెప్పు."

"కొట్టను సార్" అన్నాడు రాందాస్. సార్ అన్నది అలవాటు కొద్దీ వచ్చింది గానీ, ఆ మాట అంటున్నప్పుడు అతను చూస్తున్నది హెడ్మాస్టరు గారిని కాదు, మంగ్లిని.